నీడలో ఆరబెట్టిన కందులు

కందులు నేను నీడలోనే ఆరబెట్టాను. ఈ మాట ఇప్పుడెవరికీ అక్కర్లేదని నాకూ తెలుసు. అప్పుడు నన్ను నిలదీసినవాళ్లలో సగం మంది పోయారు, ఆ చేనూ లేదు. అయినా మా ఇంట్లో ఎవరైనా వ్యవసాయం సంగతి ఎత్తితే చాలు, ముందు నా నోట్లోంచి ఇదే వస్తుంది. మా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. నవ్వనీ.

మాది బంట్వారం దగ్గర పల్లె. తోబుట్టువులం ఇద్దరమే, అన్న, నేను. అన్న వికారాబాద్‌లో ఉండి చదువుకునేవాడు. అరవైతొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బళ్లు మూతబడితే పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. నా చదువు అంతకుముందే ఆపేశారు, ఆడపిల్లకు ఆ మాత్రం చాలని. ఆ ఏడాదంతా అన్నే నాకు పంతులయ్యాడు. పశువుల కొట్టం గోడ మీద బొగ్గుతో లెక్కలు చేయించేవాడు. తప్పయితే నెత్తిన మొట్టికాయ, ఒప్పయితే జేబులోంచి పుట్నాలు. నాకు పేపరు చదవడం వచ్చిందన్నా, ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానన్నా అది ఆయన పెట్టిన భిక్షే. ఈ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే ఆయన మీద నా కోపం ఎంతటిదో మీకు అర్థం కాదు.

నన్ను తాండూరుకు అవతల ఒక ఊరికి ఇచ్చారు. ఆ వైపు చేన్లు రెండు రకాలు. నల్లరేగడి ఉన్నవాళ్లు కంది వేసి మీసం మెలేస్తారు. మిగతావాళ్లవి బండ చేన్లు. మూరెడు మట్టి తీస్తే కిందంతా నాపరాయి, ఇళ్లల్లో నేలకు పరిచే బండ. ఎండ ముదిరితే పైన మట్టి కాలుతుంది, కింద బండ కాలుతుంది, మధ్యలో మొక్క పెనం మీద రొట్టెలా మాడుతుంది. మా అత్తగారింట్లో నల్లచేను మా బావ, అంటే మా ఆయన అన్న, చూసుకునేవాడు. బండ చేను మా పాలిట పడింది. మా ఆయన దాని గురించి ఎన్నడూ పెదవి విప్పలేదు. ఆయన దేని గురించీ విప్పడు.

మా చేనుకు రెండు పక్కలా అప్పటికే బండల గనులు తవ్వేశారు. మధ్యలో మాదొక్కటే మిగిలింది. నా పెళ్లయిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం అన్నాల దగ్గర బావ ఆ మాట ఎత్తుకున్నాడు.

"గా బండల ఇంకేం పండుతది నాయినా? గనికిద్దాం. తమ్ముడు గూడ ఆడనే పనిల కుదురుకుంటడు."

గనిలో పని అంటే నాకు తెలుసు. మా వాడకట్టులో గనికి పోయినవాళ్లు తెల్లారిందగ్గర్నుంచి దగ్గే దగ్గు వింటూనే నేను నీళ్లు చేదేదాన్ని. చేను పోతే మా ఆయన ఆ దుమ్ములో గడ్డపార పట్టాలి. మామ ముందు గట్టిగా మాట్లాడి ఎరగని నేను వడ్డించే గంటె పట్టుకునే అనేశాను.

"ఒక్క పంట చూడుండ్రి మామా. గీ ఏడు కంది ఏస్త. బెట్టకు నిలబడకపోతె గనికే ఇయ్యుండ్రి, నేను అడ్డురాను."

బెట్ట అంటే వాన ఎత్తిపోయి ఎండ కాసే రోజులు. మామ నా వైపు చూసి, చెయ్యి కడుక్కుంటూ, "సరె బిడ్డా, ఒక్క పంట" అన్నాడు. బావ కంచం నెట్టేసి లేచాడు.

అంత ధైర్యం నాకెక్కడిదని అడుగుతారేమో. అన్న ఇచ్చిందే. అన్నకు అప్పటికి గ్రామసేవకుడి ఉద్యోగం వచ్చింది. సైకిలు మీద ఊరూరా తిరిగి విత్తనాలు, మందుల సంగతులు చెప్పేవాడు. అంతకు కొన్నాళ్ల ముందు మా ఇంటికొచ్చి, మా అరుగు మీద కూర్చుని కొత్త ముచ్చట చెప్పాడు.

"రైజోబియం కల్చర్ అని నల్లపొడి వస్తుంది చెల్లె. కందిగింజకు పట్టిచ్చి ఏస్తరు. గా పొడిల కండ్లకు కనబడని జీవాలుంటయి. ఏర్లల్ల చేరి బుడిపెలు కడతయి. గాలిల ఉన్న బలం గుంజి మొక్కకిస్తయి. ఏరు బలంగుంటె మొక్క బెట్టను ఓర్సుకుంటది."

"మా బండ మీద గూడ్నా?"

"మీ చేన్ల ఎన్నడు కంది ఎయ్యలే గద? అసొంటి కాడనే మస్తు పని జేస్తది."

మామ చుట్ట నోట్లోంచి తీసి, "జీవాలు మందల ఉంటయి గని పొట్లంల ఉంటయా?" అన్నాడు. మా ఊరి మాటలో జీవాలంటే గొర్రెలూ మేకలే. అందరం పడీపడీ నవ్వాం. అన్న కూడా నవ్వాడు.

మంద అన్నాక ఇంకొకటి చెప్పాలి. మా ఊళ్లో ఎండాకాలం చేన్లలో గొర్ల మందను పడుకోబెట్టించేవాళ్లు. రాత్రంతా మంద పడుకున్న చేనుకు ఆ ఎరువుతో ఏడాది బలం. ఊరంతటికీ ఒకటే మంద కాబట్టి చేను చేనుకూ వంతులుండేవి. ఆ ఏడు వంతు మా బండ చేనుది. పొడి మాట ఖాయమయ్యాక, మంద కూడా పెట్టించనా అని అన్నను అడిగితే ఏమన్నాడనుకున్నారు?

"రెండెందుకు చెల్లె? మంద వంతు మీ బావకియ్యి. ఇంట్ల మంచిగుంటది. నీకు పొడి చాలు."

ఇచ్చాను. అన్న మాట కదా! బావ నమ్మలేక, "నిజంగనేనా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. గొర్ల మంద మా చేను పక్కనుంచే గంటలు మోగించుకుంటూ నల్లచేనుకు వెళ్తుంటే నేను గట్టు మీద నిలబడి పొంగిపోయాను. పిచ్చిదాన్ని.

మృగశిరలో మంచి వాన పడింది. మర్నాడు ఎర్రటి ఎండలో అన్న సైకిలు మీద వచ్చాడు. క్యారియరుకు సంచీ కట్టి ఉంది. పొట్లాలు తీసి నా చేతిలో పెడితే కాలుతున్నాయి.

"ఇంత ఏడిగున్నయేందన్నా?"

"ఎండల తొక్కుకుంట వస్తి గద. ఏం గాదు, లోపల సల్లగనే ఉంటయి."

బెల్లం నీళ్లు కాచి, పూర్తిగా చల్లార్చి, అందులో పొడి కలిపి గింజలకు పట్టించాలన్నాడు. నీడలోనే ఆరబెట్టి ఆ రోజే విత్తాలన్నాడు. ఎండ తగిలితే లోపలి జీవాలు చస్తాయని వేలు చూపించి మరీ చెప్పాడు. అన్నం తిని పొమ్మంటే ఆగలేదు. మా ఊరి పటేలు చేనులో పనుందన్నాడు.

పక్కింటి ముస్లిమావిడ, పిన్నమ్మ వరసన ఖాలా అని పిలుస్తాం, నాకు తోడొచ్చింది. నాకంటే పెద్దది, గనిలో మొగుణ్ణి పోగొట్టుకుని సొంతంగా సేద్యం చేసుకునే మనిషి. ఇద్దరం గింజలు దాచే చీకటి గదిలో, మేం అర్ర అంటాం, తడి గోనె మీద కందులు పరిచాం. మసి పూసినట్టు నల్లగా నిగనిగలాడాయి. అక్కడికి మా అత్త పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. మా ఇంట్లో విత్తబోయే ముందు గింజల్ని చేటలో పోసి, పసుపు చల్లి, వాకిట్లో సూర్యుడికి చూపిస్తారు. కాసేపు ఎండలో ఉంచి దండం పెట్టుకున్నాకే చేనుకు తీసుకుపోతారు. పొద్దు చూపని విత్తనం మొలవదని మా అత్త నమ్మకం.

"గీ ఏడొద్దు అత్తా. ఎండ తగిలితె పాడైతయంట."

"సూర్యభగవానుడు తగిలితె పాడైతయా? ఏం పొయ్యేకాలమే నీకు!"

చేట అందుకోబోయింది. ఖాలా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నక్కో అమ్మా, ఎండల నక్కో. పిల్ల అంతగనం జెప్తుంది గద, జర ఇను" అంది. అత్త గిన్నె నేల మీద టప్పున పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మాపటికి గింజలు విత్తేశాం.

మొలక బాగా వచ్చింది. నేను రోజూ పొద్దున్నే వెళ్లి, పసిపిల్లల్ని చూసుకున్నట్టు సాలు సాలూ చూసుకున్నాను. తర్వాత వాన మొహం చాటేసింది. ఆరుద్ర పోయింది, పునర్వసు పోయింది, చుక్క లేదు. మేఘం వస్తుంది, గాలికి పోతుంది. ఆషాఢంలో వైశాఖం ఎండ! కాళ్లకు చెప్పులున్నా చేనులో నిలబడలేకపోయాను. మొక్కలు ముందు పసుపెక్కాయి. మధ్యాహ్నం తలలు వాలిస్తే సాయంత్రానికి లేచేవి, కొన్నాళ్లకు లేవడం మానేశాయి. వేలి గోటితో మన్ను తవ్వి వేర్లు చూశాను. బుడిపెలుండాలన్నాడు కదా అన్న, చీలిస్తే లోపల ఎర్రగా ఉండాలన్నాడు కదా. ఎక్కడో ఒకటీ అరా, ఆవగింజంత. చీలిస్తే పాలిపోయి ఉన్నాయి.

మామ కబురు పెడితే అన్న వచ్చాడు. మామ, బావ, మా ఆయన, అత్త, అందరం చేనుకు వెళ్లాం. అన్న గొంతుక్కూర్చుని ఒక మొక్క పీకాడు. వేరు అటూ ఇటూ తిప్పి చూశాడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు. నేల చూస్తూనే అన్నాడు.

"ఆరబెట్టినప్పుడు ఎండ తగిలినట్టుంది చెల్లె."

అందరూ నా వైపు తిరిగారు.

"అత్తతోటి కొట్లాడి, మల్ల నువ్వే ఎండల పెట్టినవా బిడ్డా?" అన్నాడు మామ. తిట్టినా బాగుండేది. జాలిగా అడిగాడు.

"లేదు మామా! అర్రలనే పెట్టిన. ఖాలానడుగుండ్రి."

"ఆమెననకుండ్రి మామా," అన్నాడు అన్న. "తెల్వకుంట జరంత ఎండ తగిలినా సస్తయి. ఇంట్ల వంద పనులాయె. ఆమె తప్పు గాదు."

చూశారా, నన్ను వెనకేసుకొచ్చాడు! ఆ రోజు ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, మా అన్నకు నా మీద ఎంత ప్రేమోనని. బావ మాత్రం, "పుస్తకం చదివిన యవుసం గిట్లనే ఉంటది" అని తుండుగుడ్డ దులిపి వెళ్లిపోయాడు.

నేను ఎండలో పెట్టలేదు. మరి ఎండ ఎలా తగిలింది? ఇంటికొచ్చాక నా బుర్రలో పురుగు తొలచడం మొదలైంది. నేను బెల్లం గిన్నె కడగడానికి పెరట్లోకి, ఖాలా తన ఇంటికి పోయినప్పుడు అత్త చేటతో గింజలు వాకిట్లోకి తెచ్చి సూర్యుడికి చూపించి మళ్లీ కలిపేసి ఉంటుంది. ఇంకెవరు? పొయ్యి దగ్గర ఆమెను పట్టుకుని మొహం మీదే అడిగేశాను.

"నేను సూడకుంట పొద్దుకు పెట్టినవు గద?"

ఆమె పొయ్యిలో కట్టె తీసి పక్కన పెట్టింది. "నా కొడుకుల మీద ఒట్టు. నేను గా గింజ ముట్టలే" అంది. నేను నమ్మలేదు, నమ్మలేదని మొహాన చెప్పాను కూడా. అన్న మాట తప్పు కావడానికి వీల్లేదు కాబట్టి అత్త అబద్ధం ఆడుతోందనుకున్నాను. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానేసింది. వడ్డించమని కూడా పిల్లల చేత చెప్పించేది.

చేను పోయినట్టేనని తేలాక నేనూ ఖాలా పటేలు చేనుకు కలుపు కూలికి పోయాం. పటేలు చేను మంచి రేగడి. ఆ బెట్టలోనూ కంది మోకాలెత్తు లేచి పచ్చగా ఉంది. కలుపు లాగుతుంటే ఒక కందిమొక్క చేతికొచ్చేసింది. అయ్యో అనుకుని పక్కన పారేయబోతూ వేరు చూశాను. వేరు నిండా బుడిపెలు. గోటితో ఒకటి చీలిస్తే లోపల పచ్చి మాంసంలా ఎర్రగా ఉంది. ఇంకొకటి చీల్చాను. అదీ ఎరుపే.

మా వెనకాలే ఎడ్లతో గుంటుక తోలుతున్న పటేలు జీతగాణ్ణి అడిగాను, ఈ చేనుకు పొడి పట్టించారా అని.

"ఔ, మీ అన్ననే తెచ్చిండు గద! తడి బట్ట సుట్టి, కుండల పెట్టి, పానంలెక్క చూసుకుంట తెచ్చిండు. పెద్ద సార్లు చూడనీకొస్తరంట గీ చేను."

నా అరచేయి చూసుకున్నాను. కాలుతున్న పొట్లాలు పెట్టిన చేయి అది. ఖాలా నా మొహం చూసి కొడవలి కింద పెట్టి, "క్యా హువా?" అంది. ఆ మొక్కను కొంగులో చుట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయాను.

మర్నాడే బస్సెక్కి తాండూరు పోయాను. అన్న అప్పుడు స్టేషను దగ్గర అద్దెకుండేవాడు. వదిన చాయ్ తెచ్చిచ్చి లోపలికి పోయింది. నేను గ్లాసు ముట్టలేదు. పటేలు చేనులో పీకిన మొక్క ఇంకా నా కొంగులోనే ఉంది. అది ఆయన ముందు పెట్టాను. అన్న దాన్ని చూశాడు. తలుపు దగ్గరగా వేసొచ్చి కూర్చున్నాడు.

"మంచియి కొన్నే వచ్చినయి చెల్లె. పెద్ద సార్లు పటేలు చేను చూసిపోతరు. నా నౌకరి ముచ్చట గది. తప్పలే."

"మరి నాకిచ్చినయి?"

"గోదాముల రేకుల కింద ఎండకాలమంత ఉన్నయి."

"సచ్చినయని నీకు ఎరుకేనా?"

"ఎరుకే" అన్నాడు.

"లేవని చెప్పకపోయినవా! మంద పెట్టిచ్చుకుందును గదా. నోటికాడి మందను వదులుకుంటి గదన్నా నీ మాట మీద!"

"మంద పోయినంక గద పొట్లాలు వచ్చింది. లేవంటె నువ్వు బాధపడుతవని... గదీగాక నువ్వు మనదానివి. బయటోడైతె ఆఫీసుకొచ్చి లొల్లి జేస్తడు. నువ్వైతె అర్థం జేసుకుంటవనుకున్న."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బయటివాడికి బతికినవి, సొంత చెల్లెలికి చచ్చినవి! ఎందుకంటే చెల్లెలు లొల్లి చేయదు. తడిగుడ్డతో గొంతు కోయడమంటారే, అదేమిటో ఆ రోజు తెలిసింది. పటేలుది రేగడి, ఏ పొడీ లేకపోయినా పండే చేను. ఆ బతికిన పొడి అవసరం బండ మీద మొక్కకు కదా! ఆ మాటే ఆయనతో అన్నాను.

"పోనీ, ఎండల పెట్టిన్నని ఎందుకన్నవు? అందరి ముంగట?"

"ఏమనాలె మరి? అందరు మీదికొస్తిరి. నోటికి గదే వచ్చింది."

నేను అత్త మీద వేసిన నింద గుర్తొచ్చింది. అక్కడే ఏడ్చాను, సిగ్గు లేకుండా. ఏడ్చి ఏడ్చి చివరికి ఒక్కటే అడిగాను. మా ఇంటికొచ్చి మామ ముందు నిజం చెప్పమన్నాను. నాకు ఇస్తానన్నది ఒక పంట, ఆ పంటకు సరైన విత్తనమే పడలేదని తెలిస్తే మామ ఇంకో ఏడు ఆగుతాడు. ఆయన న్యాయమున్న మనిషి. చేను దక్కుతుంది.

అన్న నా తల మీద చెయ్యి పెట్టాడు. "వస్త చెల్లె. దసరాకు వస్త. నేనే జెప్త."

ఇంటికొచ్చి ముందు అత్త కాళ్లు పట్టుకున్నాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది, అంతే. మామకు జరిగింది జరిగినట్టు చెప్పాను. మామ చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించాడు.

"అన్న మీద ఊకె నిందెయ్యొద్దు బిడ్డా. గవుర్మెంటు మనిషి. ఆయననే వచ్చి ఆ ముక్క చెప్పనీ. నేను ఆగుత."

దసరా వచ్చింది. జమ్మి ఆకు పెట్టుకోవడానికి వచ్చేవాళ్ల అడుగుల చప్పుడైనప్పుడల్లా నేను వాకిట్లోకి పరిగెత్తాను. అన్న రాలేదు. దీపావళికి కబురంపితే పెద్ద సార్లతో హైదరాబాదు పోయాడన్నారు. ఆయనకు పై ఉద్యోగం ఇచ్చి వికారాబాద్‌కు మార్చారని సంక్రాంతి ముందు ఎవరో చెప్పారు. అప్పటికి మామ ఆగినన్ని రోజులు ఆగాడు. ఒక పొద్దున బావ గనివాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. మామ నా వైపు చూశాడు. నేను ఇచ్చిన మాట నా నోటితోనే ఇచ్చాను. ఏమనగలను?

ముందు పై మట్టి గీకి పక్కన కుప్ప పోశారు. నాకు తెలిసిన మట్టి, ప్రతి సాలూ నా కాలికింద తెలిసిన మట్టి. తర్వాత గడ్డపారలు దిగాయి. బండ పొరలు పొరలుగా లేచింది. మా ఆయన మూడో రోజే పనిలో చేరాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి.

ఆ ఏడు బతికిన పొడి పట్టించినా ఆ బెట్టకు ఆ బండ మీద కంది నిలబడేదో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఎంతోమందిని అడిగాను, చదివాను కూడా. నిలబడవచ్చు అన్నవాళ్లున్నారు, అంత ఎండకు ఏదీ ఆగదన్నవాళ్లున్నారు. నా కడుపుమంట అదే. ఓడిపోతే ఓడిపోయేదాన్ని. నన్ను పోటీలోకే దిగనివ్వలేదు.

మళ్లీ మృగశిర వచ్చింది. వాన పడిన మర్నాడు అన్న మా వాకిట్లో సైకిలు దిగాడు. తడి గోనె చుట్టిన కుండను రెండు చేతులా పట్టుకుని తెచ్చి అరుగు మీద దించాడు. మూత తీసి ఒక పొట్లం నా అరచేతిలో పెట్టాడు. చల్లగా ఉంది.

"గీసారి మంచియి చెల్లె. వికారాబాద్‌ల పొద్దు పొడవకముందే రైలెక్కి, తాండూర్ల సైకిలు కిరాయికి తీసుకొని తెచ్చిన. ఎవ్వలకియ్యలే, నీకే."

గని వైపు నుంచి సుత్తెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయనకూ వినిపించింది.

"ఏడ ఎయ్యాలె అన్నా?" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. "పెరట్ల ఏసుకోరాదు," అన్నాడు మెల్లగా. "ఇంట్లకన్న ఐతయి."

కుండ అలాగే ఎత్తి ఖాలాకు ఇచ్చొచ్చాను. వచ్చి, ఇంటికొచ్చిన తోబుట్టువు కదా, వేడిగా రొట్టె చేసి పప్పు పోసి పెట్టాను. కడుపు నిండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్తూ మా మామతో, "చెల్లె కోపం పోయింది మామా, దాని మనసు వెన్న" అంటున్నాడు. నేను లోపల ఆయన తిన్న కంచం కడుగుతూ విన్నాను.

పోలేదు. ఇవాళ్టికీ పోలేదు.